వాన ఎంత పడిందో ముందు అడగండి

అనంతపురంలో తెల్లవారుజామున ఐదుంబావుకు ఏ కాలేజీ గ్రౌండ్‌కు వెళ్లినా రెండు రకాల మనుషులు ఉరుకుతూ కనిపిస్తారు. ఒకరు కానిస్టేబుల్ నోటిఫికేషన్ కోసం కాచుకున్న కుర్రాళ్లు. ఇంకొకరు షుగర్ రిపోర్టు చూసుకుని జడుసుకుని బూట్లు కొన్న నాలాంటి వాళ్లు. కుర్రాళ్లు సున్నపు గీతల్లో లోపలి గీత పట్టుకుని పోతారు. మేం వాళ్లకు అడ్డం రాకుండా బయటి అంచున, వేపచెట్ల వారగా సాగుతాం. సూర్యుడు లేవకముందే పని కానియ్యాలి. ఏప్రిల్‌లో అయితే ఏడు గంటలకే మట్టి కాలుతుంది.

మా అక్క కొడుకు ఆ కుర్రాళ్లలో ఒకడు. ఇరవై నాలుగేళ్లు. ఒకరోజు ఇద్దరం అయిదు కిలోమీటర్లు ఉరికాం. అంటే 400 మీటర్ల రౌండ్లు పన్నెండున్నర. అయిపోయాక వాడు నీళ్ల బాటిల్ మూత తిప్పుతూ, "మామా, నువ్వు ఇరవై ఐదూ ఇరవై. నేను ఇరవై ఒకటీ ఐదు. నాలుగు నిమిషాల పైనే కొట్టినా నిన్ను" అన్నాడు.

"నాకు యాభై ఏడురా" అన్నాను.

"వాచీకి వయసు తెలుస్తాదా మామా?"

మాట నిజమే. వాచీకి తెలియదు. ఈ అధ్యాయమంతా ఆ వాచీకి వయసు నేర్పే ప్రయత్నమే అనుకోండి.

మన ప్రాంతం వాళ్లకు ఈ సంగతి చెప్పడం తేలిక. పంటల విషయంలో మనం ఎప్పుడూ ఇంత అన్యాయంగా మాట్లాడం. కళ్యాణదుర్గం వైపు మెట్టలో ఒకాయన ఎకరాకు ఐదు మూటల శెనక్కాయ తీశాడని వింటే, కోనసీమ కాలువ కింద వరితో ఎవరైనా పోలుస్తారా? ఆ మాట అన్నవాణ్ని రచ్చబండ మీద కూర్చోనివ్వరు. ముందు "వాన ఎంత పడింది?" అని అడుగుతాం. తరువాత "ఊడ దిగేటప్పుడు పదును ఉన్నిందా?" అని అడుగుతాం. ఆ తరువాతే మూటల లెక్క. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే నేల ఇది. ఆ వానకు ఆ నేల ఇవ్వగలిగిందాంట్లో ఎంత రాబట్టాడన్నదే రైతు ప్రతిభ. అదే నేలలో బోరు ఉన్నవాడి మూటలు వేరు, బోరు ఎండిపోయినవాడి మూటలు వేరు.

పరుగులో వయసే వాన. యాభై ఏడేళ్ల ఒంటికి పడే వాన ఇరవై నాలుగేళ్ల ఒంటికి పడినంత కాదు. ఎంత తక్కువ పడుతుందో లెక్కగట్టగలిగితే మిగతాది కూడికలు, గుణకారాలే.

ఆ లెక్క ఇప్పటికే ఎవరో కట్టి పెట్టారు. దాన్ని ఏజ్ గ్రేడింగ్ అంటారు. పెద్ద వయసు అథ్లెట్ల ప్రపంచ సంఘం 1989 నుంచి ఈ పట్టికలు వాడుకలోకి తెచ్చింది. ఆ సంఘం ఇప్పటి పేరు వరల్డ్ మాస్టర్స్ అథ్లెటిక్స్. పట్టిక కట్టే పద్ధతి పెద్ద రహస్యమేమీ కాదు. ముప్పై ఐదేళ్లవాడు, నలభై ఏళ్లవాడు, డెబ్భై మూడేళ్లవాడు, ఇలా ఒక్కో వయసులో ప్రపంచంలో ఎవరైనా ఉరికిన అతి మంచి టైమింగులన్నీ తీసుకుంటారు. వాటిని ఒక గీత మీద పెట్టి ఎత్తుపల్లాలు సరిచేస్తారు. ఆ గీతే ఆ వయసుకు ఆకాశం. మీరు అందులో ఎంత ఎత్తుకు చేరారన్నది మీ మార్కు.

వయసును సరిచేయడానికి మన టైమింగును గుణించాల్సిన అంకెను గుణకం అనుకుందాం. మగవాళ్ల అయిదు కిలోమీటర్లకు ఆ గుణకాలు దాదాపుగా ఇలా ఉంటాయి. నలభైకి 0.96, యాభైకి 0.89, అరవైకి 0.82, డెబ్భైకి 0.74, ఎనభైకి 0.63. ఇవి నేను గుండ్రం చేసి రాసినవి. దూరాన్ని బట్టి, పట్టిక ఏ ఏటిదన్నదాన్ని బట్టి కాస్త మారుతాయి. ఆడవాళ్లకు పట్టికే వేరు, మగవాళ్ల అంకెలు వాళ్లకు పెట్టకూడదు. ఇంట్లో చేసుకునే లెక్కకు ఈ మాత్రం చాలు. పోటీలో బహుమతి ఇచ్చే లెక్కకైతే అసలు పట్టికే తెరవాలి.

నా వయసుకు 0.84 పెట్టుకున్నాను. ఇరవై ఐదు నిమిషాల ఇరవై సెకన్లంటే 1520 సెకన్లు. దాన్ని 0.84తో గుణిస్తే 1277 దగ్గర తేలింది. అంటే 21 నిమిషాల 17 సెకన్లు. మా అల్లుడిది 21 నిమిషాల 5 సెకన్లు. ఇరవై నాలుగేళ్లవాడికి గుణకం ఒకటే, తీసివేత లేదు. నాలుగుంబావు నిమిషాల తేడా పన్నెండు సెకన్లకు దిగింది.

గెలిచింది వాడే. అది నాకు నచ్చింది. పెద్దవాణ్ని ఊరికే గెలిపించి పంపే లెక్క అయితే నేను నమ్మేవాణ్ని కాదు.

ఇదే సంగతిని శాతంలో చూడాలంటే మీ వయసు ఆకాశాన్ని మీ టైమింగుతో భాగించి వందతో గుణించాలి. రోడ్డు మీద అయిదు కిలోమీటర్లకు ఇథియోపియా కుర్రాడు బెరిహు అరెగావి 2021 చివరి రోజున బార్సిలోనాలో 12 నిమిషాల 49 సెకన్లు ఉరికాడు. ఆ 769 సెకన్లను 0.84తో భాగిస్తే నా వయసు ఆకాశం పదిహేనుంబావు నిమిషాల దగ్గర నిలుస్తుంది. దాన్నిబట్టి నాకు వచ్చింది 60.2 శాతం, మా వాడికి 60.8. ఈ శాతాలకు వాడుకలో ఉన్న కొలబద్ద ఏమిటంటే, 60 దాటితే ఊళ్లో మంచి రన్నర్, 70 దాటితే ప్రాంతంలో, 80 దాటితే దేశంలో, 90 దాటితే ప్రపంచంలో లెక్కలోకి వచ్చే రన్నర్. మేమిద్దరం ఊరి పొలిమేర ఇప్పుడే దాటాం. వాడు కాగితం చూసి, "అయితే ఇద్దరమూ ఒకటే బాపతు" అన్నాడు. ముఖం కాస్త మాడిందిలెండి.

గ్రౌండ్‌లో లెక్క వేసేముందు ఒక జాగ్రత్త. వయసును సరిచేయడానికి ముందు దూరాన్ని సరిచేయండి. నేను ముందు చెప్పిన బయటి అంచు సంగతి గుర్తుందా? 400 మీటర్ల ట్రాక్‌లో ఒక్కో లేన్ బయటికి జరిగేకొద్దీ రౌండుకు ఏడున్నర మీటర్ల పైన పెరుగుతుంది. నాలుగో లేన్‌లో ఉరికితే రౌండుకు 23 మీటర్లు ఎక్కువ. పన్నెండున్నర రౌండ్లకు దాదాపు 290 మీటర్లు. నాలాంటివాడికి అది ఒకటిన్నర నిమిషం! మొదటి నెలంతా నేను కుర్రాళ్లకు మర్యాద ఇచ్చి బయట ఉరికి, టైమింగ్ మాత్రం లోపలివాళ్లతో పోల్చుకుని కుమిలిపోయాను. పైన రాసిన ఇరవై ఐదూ ఇరవై, లోపలి గీత మీద ఉరికినది.

అసలు ఒళ్లు ఎందుకు మందగిస్తుంది? మూడు సంగతులు తెలిస్తే చాలు. గుండె గరిష్ఠ వేగం పదేళ్లకు నిమిషానికి ఏడు స్పందనల చొప్పున తగ్గుతూ వస్తుంది. ఎంత వ్యాయామం చేసినా ఇది పెద్దగా ఆగదు. రెండోది, ఒళ్లు ప్రాణవాయువును వాడుకునే శక్తి. ఊరికే కూర్చునేవాళ్లలో అది పదేళ్లకు పది శాతం దాకా పోతుంది. కష్టపడి ఉరికేవాళ్లలో అందులో సగం పోతుందని చెబుతారు. మూడోది కండరాలు, పిక్క నరం బిగువు. అడుగులు వేసే వేగం పెద్దవాళ్లలో అంతగా తగ్గదు, ఒక్కో అడుగు పొడవు తగ్గుతుంది. నమ్మకం లేకపోతే వాన పడిన మర్నాడు తడి మట్టిలో మీ అడుగుల పక్కన ఒక కుర్రాడి అడుగులు చూడండి. నేను చూశాను. వాడివి రెండు అడుగులు, నావి మూడు.

ఈ మందగింపు ఎంతదాకా పోతుందో తెలియాలంటే కెనడాలో ఉండిన ఎడ్ విట్‌లాక్ కథ వినాలి. ఇంటి దగ్గరున్న శ్మశానంలో గంటల తరబడి చుట్లు కొట్టి సాధన చేసిన మనిషి. డెబ్భై మూడేళ్ల వయసులో, 2004లో, టొరంటో మారథాన్ 2 గంటల 54 నిమిషాల 48 సెకన్లలో ముగించాడు. ఎనభై ఐదో ఏట, 2016లో, అదే ఊళ్లో 3 గంటల 56 నిమిషాల 34 సెకన్లు. 2023లో షికాగోలో కెల్విన్ కిప్టమ్ ఉరికి ప్రపంచ రికార్డు పెట్టిన 2 గంటల 35 సెకన్ల పక్కన వీటిని పెట్టి చూడండి. డెబ్భై మూడు నాటికి కిప్టమ్ కంటే 45 శాతం ఎక్కువ సమయం. ఎనభై ఐదు నాటికి దాదాపు రెట్టింపు. యాభై ఏళ్లలో పోయినంత ఆ చివరి పన్నెండేళ్లలో పోయింది. ఆకాశం చివర్లో మెట్లు దిగినట్టు దిగదు, బావిలోకి దిగినట్టు దిగుతుంది. "ఏడాదికి ఒక శాతం తీసేయండి" అని నోటిలెక్క చెప్పేవాళ్లను డెబ్భై దాటినవాళ్లు నమ్మవద్దు. ఆ లెక్క వాళ్లను మోసం చేస్తుంది.

మా ఇంటి పోటీ లాంటిదే ఇంకా పెద్ద ఎత్తున ఒకటి జరిగింది. 2019 అక్టోబరులో ఫ్రాంక్‌ఫర్ట్ మారథాన్‌లో ఉత్తర ఐర్లాండ్‌కు చెందిన టామీ హ్యూస్, ఆయన కొడుకు ఇయోన్ కలిసి ఉరికారు. తండ్రికి యాభై తొమ్మిది, కొడుక్కి ముప్పై నాలుగు. కొడుకు 2 గంటల 31 నిమిషాల 30 సెకన్లు. తండ్రి 2 గంటల 27 నిమిషాల 52 సెకన్లు. ఇద్దరిదీ కలిపి ఐదు గంటల లోపు రావడంతో తండ్రీకొడుకుల జంటకు గిన్నిస్ రికార్డు దక్కింది. ఇక్కడ వయసు గుణకం పెట్టకుండానే తండ్రి గెలిచాడు. పెడితే ఆయన టైమింగ్ 2 గంటల 3 నిమిషాల దరిదాపులకు వస్తుంది. టామీ 1992 ఒలింపిక్స్‌లో ఉరికిన మనిషి, ఆ కొడుకు కూడా సామాన్యుడు కాడు. మా అల్లుడికి ఈ కథ చెబితే, "ఆ కొడుకు ఇంటికెట్ల పోయినాడో పాపం" అన్నాడు.

పట్టికలు తెరవడం ఇష్టం లేక చాలా పోటీలు వయసును గంపలుగా కడతాయి. ఐదేళ్లకొకటి, పదేళ్లకొకటి. పని తేలిక, న్యాయం తక్కువ. బోస్టన్ మారథాన్‌నే తీసుకోండి. 2026 పోటీకి అర్హత కావాలంటే 55 నుంచి 59 ఏళ్ల మగవాళ్లు మూడున్నర గంటల్లో మారథాన్ ముగించి ఉండాలి. 60 నుంచి 64 వాళ్లకు 3 గంటల 50 నిమిషాలు చాలు. పోటీ నాటికి అరవై నిండినవాడికి ఇరవై నిమిషాలు అదనం. ఆ మర్నాడు పుట్టినరోజు ఉన్నవాడికి సున్నా. గంపలోకి అప్పుడే వచ్చినవాడు కుర్రాడిలా సంబరపడతాడు, గంప చివరి అంచున ఉన్నవాడు నష్టపోతాడు. మీ అపార్ట్‌మెంట్‌లోనో, ఆఫీసులోనో పరుగు పోటీ పెడుతుంటే నా సలహా, గంపలు కట్టవద్దు. అందరి పుట్టిన ఏడు రాసుకుని గుణకం పెట్టండి. ఒక పలక, ఒక ఫోన్ క్యాలిక్యులేటర్ చాలు.

మనకు బాగా తెలిసిన గంప ఇంకొకటుంది. ఆంధ్రప్రదేశ్ కానిస్టేబుల్ ఎంపికలో 1600 మీటర్లు మామూలు మగ అభ్యర్థులు 8 నిమిషాల్లో ముగించాలి, మాజీ సైనికులకు తొమ్మిదిన్నర నిమిషాలు ఇస్తారు. ఎనిమిదిని తొమ్మిదిన్నరతో భాగిస్తే 0.84 వస్తుంది. ఇది నా వయసు గుణకం! సైన్యం నుంచి వచ్చేవాళ్లలో చాలామంది నలభై చుట్టుపక్కలే ఉంటారు. పట్టిక ప్రకారం నలభై ఏళ్లవాడికి 8 నిమిషాల 20 సెకన్లు న్యాయం. మిగిలిన డెబ్భై సెకన్లు వయసుకు ఇచ్చినవి కావు, సరిహద్దులో గడిపిన ఏళ్లకు ఇచ్చినవి. తప్పు అనను. అయితే వయసు సర్దుబాటు, గౌరవం రెండూ ఒకే అంకెలో కలిసిపోయాయని తెలుసుకుని మాట్లాడాలి. గ్రౌండ్‌లో కుర్రాళ్లు "వాళ్లకేమి, వయసని వదిలేస్తారు" అని గొణుగుతుంటారు. కారణం సగమే పట్టుకున్నారు.

ఇప్పుడు అన్నిటికంటే చిక్కైన ప్రశ్న. గుణకం పెట్టాలంటే వయసు తెలియాలి కదా?

మా గ్రౌండ్‌కు ఒక పెద్దాయన వస్తాడు. పంచె ఎగ్గట్టి, తువ్వాలు నడుముకు బిగించి, నడకా పరుగూ కలిపి అయిదు కిలోమీటర్లు నలభై రెండు నిమిషాల్లో ముగిస్తాడు. ఆధార్ ప్రకారం ఆయనకు డెబ్భై ఐదు. పుట్టిన తేదీ జనవరి 1. ఆధార్ తీసేటప్పుడు కాగితం లేకుండా వయసు నోటితో చెప్పినవాళ్లందరికీ ఆ తేదీయే పడుతుంది. బడికి పోయినవాళ్లకు మరో రకం. చేర్చుకునేటప్పుడు అయ్యవారు జూన్ 1 అనో జూలై 1 అనో రాసేసేవారు. నా తరంలో సగం మంది అలా ఒకేరోజు పుట్టారు. పెద్దాయనను అడిగితే, "గంజి కేంద్రాలు పెట్టినప్పుడు నేను సత్తుగిన్నె పట్టుకుని వరసలో నిలబడినా నాయనా. మా చెల్లెల్ని చంకనేసుకుని ఉంటి" అన్నాడు. రాయలసీమలో గంజి కేంద్రాలు పెట్టిన కరువు 1952 నాటిది. చెల్లెల్ని చంకనేసుకోగలిగాడంటే అప్పటికి ఆరేడేళ్లన్నా ఉండాలి. అంటే ఇప్పుడు ఎనభై.

డెబ్భై ఐదుకు గుణకం 0.69 పెడితే ఆయన నలభై రెండు నిమిషాలు 29 నిమిషాలవుతాయి. ఎనభైకి 0.63 పెడితే 26 నిమిషాల 28 సెకన్లు. నమోదు చేసిన గుమాస్తా కలం పోటుకు రెండున్నర నిమిషాలు. ఫౌజా సింగ్‌కూ ఇదే జరిగింది. 2011లో టొరంటోలో నూరేళ్ల వయసులో మారథాన్ పూర్తి చేసిన పంజాబీ పెద్దాయన. ఆయన పుట్టినప్పటి ధ్రువపత్రం లేదని గిన్నిస్ వాళ్లు రికార్డు ఇవ్వలేదు. పాస్‌పోర్టులో 1911 అని ఉన్నా కుదరలేదు. వాళ్ల నియమం వాళ్లది. మన గ్రౌండ్‌లో మాత్రం కరువులు, పండగలు, పెద్ద వానలు, అన్నదమ్ముల పెళ్లిళ్లు పట్టుకుని వయసు తేల్చుకోవచ్చు. ఇంట్లో పెద్దవాళ్ల వయసు ఇలా ఒకసారి లెక్కగట్టి రాసి పెట్టుకోండి. పరుగు కోసమే కాదు, డాక్టరు దగ్గరా పనికొస్తుంది.

పట్టిక చెప్పలేనివి కొన్నున్నాయి, వాటిని త్వరగా చెప్పి ముగిస్తాను. ఎండను అది లెక్కలోకి తీసుకోదు. అందుకే పోల్చుకునేవాళ్లు ఒకే నేల మీద, ఒకే పొద్దున ఉరకాలి. జనవరి చలిలో ఉరికిన మీ టైమింగును ఏప్రిల్‌లో ఉరికిన బావగారి టైమింగుతో పోల్చడం కొట్లాటకు తప్ప దేనికీ పనికిరాదు. ఎన్నేళ్లుగా ఉరుకుతున్నారన్నదీ దానికి తెలియదు. యాభైలో మొదలుపెట్టినవాడికి మొదటి మూడునాలుగేళ్లు వయసు పెరిగినా టైమింగ్ బాగుపడుతూనే ఉంటుంది. ఆడవాళ్ల విషయంలో పట్టిక ఇంకా ఎదుగుతోంది. బోస్టన్‌లో ఆడవాళ్లను అధికారికంగా ఉరకనిచ్చింది 1972లో, ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల మారథాన్ మొదలైంది 1984లో. ఆకాశం కొలవడానికి ఎక్కువమందిని పైకి పోనివ్వలేదన్నమాట. జపాన్‌కు చెందిన మారికో యుగేతా 2019లో, అరవై దాటాక, మూడు గంటల లోపు మారథాన్ ఉరికిన మొదటి మహిళ అయ్యింది. 2021లో దాన్నే 2 గంటల 52 నిమిషాల 13 సెకన్లకు దించింది. ఇలాంటి ఒక్కొక్కరు వచ్చినప్పుడల్లా పట్టిక తిరగరాయాల్సిందే.

నేను ఈ లెక్కను ఎక్కువగా వాడేది మా అల్లుడి మీద కాదు, నా మీదే. ఇరవై రూపాయల నోటు పుస్తకంలో తేదీ, గంట, లేన్, టైమింగ్, వయసు, గుణకం పెట్టాక వచ్చిన టైమింగ్ వరుసగా రాస్తాను. యాభై ఐదులో నాది 24 నిమిషాల 50 సెకన్లు. ఇప్పుడు 25:20. రెండేళ్లలో అర నిమిషం పోయిందని ఒక వారం దిగులుపడి గ్రౌండ్ ఎగ్గొట్టాను. తరువాత కూర్చుని లెక్క తీశాను. అప్పటి గుణకం 0.855, వచ్చింది 21:14. ఇప్పుడు 21:17. పోయింది మూడు సెకన్లు. ఆ మూడు ఎక్కడ పోయాయో నాకు తెలుసు, సంక్రాంతి అరిసెల దగ్గర.

నిన్న పొద్దున పెద్దాయనకు ఈ పుస్తకం చూపించి, ఆయన పేరు మీద రెండు వరుసలు రాశాను. ఒకటి ఆధార్ వయసుకు, ఒకటి గంజి కరువు వయసుకు. ఆయన తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ వేలితో అంకెలు తడిమి చూశాడు. "ఇదంతా నాకెందుకు నాయనా. ఆ పిల్లోడు అయిదు కిలోమీటర్లు ముగించేలోపు నన్ను ఎన్నిసార్లు దాటినాడో చెప్పు చాలు."

"ఆరుసార్లు" అన్నాను.

"పండక్కి ముందు ఏడుసార్లు దాటినాడు" అని చెప్పులు చేతపట్టుకుని గేటు వైపు నడిచాడు.